ఒకే బండిలో వాది, ప్రతివాది: మా హెడ్డమ్మ గారు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూన్ పన్నెండవ తేదీ సోమవారం ఉదయం మన నీటి సరఫరా సంస్థ ఫిర్యాదుల విభాగంలో టైపిస్టుగా బాధ్యతలు స్వీకరించిన పాతికేళ్ళ యువతి, ఈ నెలాఖరున అదే విభాగపు సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ రెండు తేదీల నడుమ ఆమె అధిరోహించిన పదవులు అనేకం, సాగనంపిన జనరల్ మేనేజర్లు అంతకన్నా అనేకం, గెలిచిన వ్యాజ్యం మాత్రం ఒక్కటే. ఆ వ్యాజ్యం మన సంస్థ మీదే కావడం చేతనూ, అందులో సంస్థ పక్షాన బోనెక్కి ఓడిపోయిన ప్రతినిధిని నేనే కావడం చేతనూ ఈ అభినందన వ్యాసరచనా గౌరవం నాకు దక్కిందని సంచిక సంపాదకవర్గం వారు సెలవిచ్చారు. ఓడినవాడు పొగిడితే ఆ పొగడ్తను ఎవరూ శంకించరని వారి ఉద్దేశం కాబోలు.

ఆమె కార్యదక్షత చేరిన వారంలోనే వెల్లడైంది. నాటి మేనేజరు గారు ఒక వినియోగదారునికి పంపవలసిన ఉత్తరం చెబుతూ, "మీ కుళాయిలో నీరు రావడం లేదన్న విషయం మా దృష్టికి తెచ్చినందుకు మిక్కిలి సంతోషిస్తున్నాము" అన్నారు. టైపు చప్పుడు ఆగిపోయింది.

"సంతోషం ఎందుకండీ?"

"ఏదో మర్యాదకమ్మా."

"నీళ్ళు లేక కూర్చున్న మనిషికి మన సంతోషం చూస్తే ఒళ్ళు మండదా అండీ?"

మేనేజరు గారు, "సరే, చింతిస్తున్నామని కొట్టు" అన్నారు. నాటి నుంచి మన సంస్థ చింతించవలసిన చోట చింతించడం నేర్చుకున్నది. హెడ్‌క్లర్కు కావడానికి ఆమెకు ఇంకా పదేళ్ళు పట్టింది గానీ, కార్యాలయం యావత్తూ ఆమెను హెడ్డమ్మ గారని పిలవడం ఆ సాయంత్రమే మొదలైంది.

అనంతర కాలంలో ఫిర్యాదుల విచారణాధికారిణిగా ఆమె ప్రదర్శించిన నిష్ఠ నేటి తరానికి ఆదర్శప్రాయం. "మూడో అంతస్తుకు నీళ్ళు ఎక్కడం లేదు" అని ఎవరైనా రాస్తే, పైపుల విభాగం వారి నివేదిక కోసం నిరీక్షించక, తెల్లవారుతూనే ఒక ప్లాస్టిక్ బకెట్టుతో ఆ మూడో అంతస్తులో ప్రత్యక్షమయ్యేవారు. నీళ్ళు వచ్చే దాకా ఆ ఇంటివాళ్ళ వంటింట్లో స్టూలు మీద కూర్చునేవారు. నీళ్ళు రాకపోతే ఇంజనీరు గారికి అక్కడి నుంచే ఫోను చేసి, "నేనిక్కడే ఉన్నానండీ, స్నానం చేసి ఆఫీసుకి రావాలి. ఎప్పుడొస్తాయో చెబితే దాన్నిబట్టి వస్తాను" అనేవారు. నీళ్ళు వచ్చేవి.

ఆమె భర్త గారు వృత్తిరీత్యా దర్జీ, స్వభావరీత్యా మౌని. దంపతులిద్దరి మాటల వాటా కూడా ఆమెకే అప్పగించి, ఆయన కొలతలకు మాత్రం నోరు విప్పేవారు.

ఇక పన్నెండేళ్ళ కిందటి ఆ దినం గురించి చెప్పక తప్పదు. కార్యాలయానికి రంగులు వేయిస్తున్న రోజులవి. రెండో అంతస్తు మెట్ల రెయిలింగును రంగు కోసం ఊడదీసి, దాని స్థానంలో ఒక నైలాను తాడు కట్టారు. హెడ్డమ్మ గారు రెండు చేతులా ఫైళ్ళు పట్టుకుని దిగుతుండగా, కింద నుంచి బీరువా మోసుకొస్తున్న మనుషులు ఎదురయ్యారు. వారికి దారి ఇవ్వడానికి ఆమె పక్కకు ఒరిగారు. తాడు ఊడిపోయింది.

వెన్నెముక విరిగి, లోపలి వెన్నుపాము దెబ్బతిన్నది. స్పృహ వచ్చాక ఆమెకూ డాక్టరు గారికీ జరిగిన సంభాషణను ఆసుపత్రి సిబ్బంది చాలా రోజులు చెప్పుకున్నారు.

"మళ్ళీ నడుస్తానా అండీ?"

"నడవలేరమ్మా. నడుము కింద స్పర్శ కూడా రాదు."

"చేతులు?"

"చేతులకేం కాలేదు."

"అయితే టైపు కొట్టుకోవచ్చు. మా ఆఫీసులో నడిచేవాళ్ళు చాలామందే ఉన్నారు, కొట్టేవాళ్ళే లేరు."

డాక్టరు గారు నవ్వారట. హెడ్డమ్మ గారు కళ్ళు మూసుకున్నారట. ఆ తరువాత చాలా రోజుల పాటు ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదని ఆమె భర్త గారు నాకు చెప్పారు. అంతటి మౌని అయిన ఆయన, ఆ నిశ్శబ్దాన్ని భరించలేక మంచం పక్కన కూర్చుని దుకాణానికి వచ్చిన గిరాకీల కబుర్లన్నీ మొదటిసారిగా తానే చెప్పుకొచ్చారు. ఒక పెద్దమనిషి చొక్కా బిగుతైపోయిందని కొట్లాటకు వచ్చాడనీ, చూస్తే అది అతని తమ్ముడి చొక్కా అనీ చెప్పిన రోజున, మంచం మీంచి "వాణ్ణి ఊరికే వదిలేశారా?" అన్న ప్రశ్న వచ్చింది. అదే కోలుకోవడానికి నాంది.

సుమారు ఏడాది అనంతరం ఆమె చక్రాల కుర్చీలో విధులకు హాజరైనారు. ఫిర్యాదుల విభాగాన్ని రెండో అంతస్తు నుంచి కిందికి దింపారు. దానితో వినియోగదారులకు మెట్లెక్కే శ్రమ తప్పి, ఫిర్యాదులు రెట్టింపైనాయి. ముఖద్వారం వద్ద మన సివిల్ విభాగం వారు ఏటవాలు దారి ఒకటి నిర్మించారు. ఎక్కడానికి ముగ్గురు కావాలి, దిగడానికి మాత్రం ఎవరూ అక్కర్లేదు, భూమ్యాకర్షణ శక్తి చాలు. ప్రారంభోత్సవం రోజున హెడ్డమ్మ గారు పై నుంచి వదిలిన కుర్చీ తిన్నగా సైకిల్ స్టాండులోకి వెళ్ళి ఆగింది. ఆమె తల సవరించుకుని, "రిబ్బను కత్తిరించకుండా కాస్త ఆగుంటే అది కూడా నేనే తెంపేదాన్ని" అన్నారు. దారిని మళ్ళీ కట్టారు.

మరొక విషయం. చక్రాల కుర్చీలో అదే పనిగా కూర్చుంటే స్పర్శ లేని శరీరానికి పుండ్లు పడతాయి. కనుక తరచుగా రెండు చేతులూ కుర్చీ పిడుల మీద ఆనించి శరీరాన్ని పైకి లేపి కాసేపు పట్టుకోవాలి. ఇది తెలియని జనరల్ మేనేజరు గారు, సమీక్షా సమావేశంలో ఆమె అలా లేచినప్పుడల్లా మేడమ్ గారు విసిగి వెళ్ళిపోబోతున్నారని భావించి, "అయితే ఇంతటితో ముగిద్దాం" అనేవారు. సమావేశాలు ఇంత క్లుప్తంగా జరిగిన కాలం మన సంస్థ చరిత్రలో మరొకటి లేదు. ఆయనకు అసలు సంగతి చెప్పవద్దని సిబ్బంది అంతా ఏకగ్రీవంగా నిశ్చయించుకున్నాము.

ఆఫీసులో ఇంత వేడుక నడుస్తుండగా ఇంటి సంగతి వేరుగా ఉన్నది. వారిది లిఫ్టు లేని ఇంటిలో రెండో అంతస్తు. ప్రతి ఉదయం భర్త గారు ఆమెను మంచం మీంచి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాలి, కింద బేకరీలో పనిచేసే మనుషుల్ని పిలుచుకువచ్చి కుర్చీతో సహా మెట్లు దింపించాలి. సాయంత్రం మళ్ళీ పైకి. ఆయన వయస్సు ఆమెకన్నా ఎనిమిదేళ్ళు ఎక్కువ. ఒక ఉదయం ఎత్తబోయి ఆయన నడుము పట్టేసి, మంచం మీద ఆమె, మంచం పక్కన నేల మీద ఆయన, ఎవరూ ఎవరినీ లేపలేక పాలమనిషి తలుపు తట్టే దాకా అలాగే ఉండిపోయారు. "మీ నడుం కూడా పోతే ఇద్దరికీ ఒకటే కుర్చీనా? వంతులు వేసుకోవాలి" అని ఆమె నవ్వారట. ఆ వారమే వకీలు గారిని కలిశారు.

నష్టపరిహారం కోరుతూ నోటీసు అందగానే జనరల్ మేనేజరు గారు ఆమెను పిలిపించారు. నేనూ అక్కడే ఉన్నాను.

"అమ్మా, ఇదంతా మన కుటుంబం కదా. కుటుంబంలో కోర్టులేమిటి?"

"కుటుంబం కాబట్టే అడుగుతున్నానండీ. పరాయివాళ్ళయితే పోన్లే అనుకునేదాన్ని."

"జీతం ఇస్తూనే ఉన్నాం కదమ్మా, పూర్తిగా."

"జీతం నేను చేసే పనికి ఇస్తున్నారండీ. పడిపోయినదానికి ఏమిస్తారో అది అడుగుతున్నాను. నా జీతం పడిపోలేదు, నేను పడిపోయాను."

మేనేజరు గారు నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను. సంస్థకు బీమా చేసిన కంపెనీ తమ వకీలును పెట్టింది. సంస్థ పక్షాన సాక్ష్యం చెప్పే ప్రతినిధిగా, ఆమె ఎదుటి బల్ల వాడినైన నన్ను నియమించారు. చక్రాల కుర్చీ పట్టే వాహనం మన ఆఫీసు వ్యాను ఒక్కటే కనుక, వాయిదా రోజున వాదీ ప్రతివాదీ ఒకే బండిలో న్యాయస్థానానికి వెళ్ళే అపూర్వ సంప్రదాయం ఏర్పడింది.

"తమ్ముడూ, ఇవాళ నా మీద ఏం చెబుతున్నావు?"

"రెయిలింగు లేదన్న సంగతి మీరు గమనించి జాగ్రత్త పడాల్సిందని, మేడమ్."

"గట్టిగా చెప్పు. పోయినసారి నువ్వు గొణుగుతుంటే జడ్జి గారికి వినపడక మళ్ళీ వాయిదా వేశారు."

గట్టిగానే చెప్పాను. తాడు కట్టి ఉన్నది గనుక అది ప్రమాదసూచికయని కూడా చెప్పాను. ఆమె వకీలు లేవకముందే హెడ్డమ్మ గారు కుర్చీలోంచి, "సూచికైతే మా మేనేజరు గారి తువ్వాలు దాని మీద ఆరేసి ఉందేమిటండీ?" అన్నారు. అది నిజమే. తిరుగు ప్రయాణంలో నా గొంతు బొంగురుపోయిందని ఆమె లవంగం ఇచ్చారు.

ఇప్పుడు టోపీ ఆయన గురించి చెప్పాలి.

వ్యాజ్యం మూడో ఏట, హెడ్డమ్మ గారు చెబుతున్నంత అశక్తురాలు కాదని నిరూపించే సదుద్దేశంతో బీమా కంపెనీ వారు ఆమెను రహస్యంగా వీడియో తీయడానికి ఒక మనిషిని నియోగించారు. నడివయస్కుడు, కొంచెం బొజ్జ, ఎప్పుడూ టోపీ. మొదటి శనివారం హెడ్డమ్మ గారు మందుల దుకాణం నుంచి ఒంటరిగా తిరిగివస్తుండగా వాన అందుకుంది. ఫుట్‌పాత్ దగ్గర మురుగు కాలువ మూతల సందులో కుర్చీ ముందు చక్రం ఇరుక్కుపోయింది. జనం తలల మీద సంచులు పెట్టుకుని పరుగెడుతున్నారు. ఎవరూ ఆగలేదు. చాలాసేపటికి వీధి ఊడ్చే ఆవిడ ఒకరు వచ్చి చక్రం పీకారు. ఆ సేపంతా రోడ్డుకు అవతల టోపీ ఆయన, కెమెరాకు రుమాలు కప్పి, తాను మాత్రం నిలువునా తడుస్తూ నిలబడ్డారు.

సోమవారం ఆమె నాతో అన్నారు: "వానలో తడుస్తూ వీడియో తీసేవాడు పెళ్ళివాళ్ళ మనిషన్నా అయ్యుండాలి, బీమా వాళ్ళ మనిషన్నా అయ్యుండాలి. అక్కడ పెళ్ళేం లేదు తమ్ముడూ."

మరుసటి శనివారం ఆయన మళ్ళీ వెనక వస్తుండగా ఆమె కుర్చీ ఆపి తల తిప్పారు.

"ఏవండీ, టోపీ గారూ! పోయిన వారం బాగా తడిశారు. జలుబు చెయ్యలేదు కదా?"

ఆయన తన వెనక్కి తిరిగి చూసుకున్నారు.

"మిమ్మల్నేనండీ. మీ వెనక ఎవరూ లేరు."

"నేను ఊరికే... ఇటు పనుండి..."

"ఎందుకుండదూ! మీ పని నేనే కదా. ఎలాగూ నా వెనకే వస్తున్నారు, ఒక చెయ్యి కెమెరా మీద ఉంచుకుని రెండో చేత్తో కాస్త ఈ కుర్చీ తొయ్యండి. మీకూ దగ్గర్నుంచి బాగా పడుతుంది."

ఆయన తోశారు. ఏం చేయాలో పాలుపోక తోశానని తరువాత నాతో చెప్పారు. మూడో శనివారానికి బేకరీ మనిషి రాకపోతే తాను ఒక పక్క పట్టి మెట్లు ఎక్కించారు. పైన భర్త గారు ఆయనకు టీ ఇచ్చి, ఆ కెమెరా సంచికి ఊడిపోయిన పట్టీ చూసి మాట్లాడకుండా కుట్టి ఇచ్చారు. టోపీ ఆయన సిగ్గుపడి, "అమ్మా, నేను తీసేది మీకు వ్యతిరేకంగానండీ" అన్నారు. "తెలుసండీ. మీ ఉద్యోగం మీరు చెయ్యండి. ఉన్నది ఉన్నట్టు తియ్యండి, చాలు" అన్నారు ఆమె.

న్యాయస్థానంలో తెర కట్టి ఆ దృశ్యాలు వేశారు. బీమా వారి వకీలు గారు ఉత్సాహంగా లేచి, "వాది ఎంత హుషారుగా, స్వేచ్ఛగా బజారులో విహరిస్తున్నారో ఏలినవారు గమనించాలి" అన్నారు. తెర మీద హెడ్డమ్మ గారి తల వెనక భాగం, ఆమె నవ్వు, జోరుగా ముందుకు సాగుతున్న వీధి. న్యాయమూర్తి గారు కళ్ళద్దాలు సవరించుకున్నారు.

"ఆవిడ రెండు చేతులతోనూ ఒళ్ళో సంచి పట్టుకున్నారు. మరి కుర్చీ ఎలా వెళ్తోంది?"

"మోటారు కుర్చీ అని మా భావనండి" అన్నారు వకీలు గారు.

బోనులో ఉన్న టోపీ ఆయన టోపీ చేతిలోకి తీసుకున్నారు. "మోటారు కాదండి. నేను."

హాలంతా గొల్లున నవ్వింది. అంతలో తెర మీది వీధి తలకిందులై, ఆకాశమూ రెండు కాకులూ కనిపించాయి.

"ఇదేమిటి?"

"అక్కడ కుర్చీ ఎత్తానండి. రెండు చేతులూ కావాల్సొచ్చింది. కెమెరా మెళ్ళో వేలాడింది."

న్యాయమూర్తి గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ నవ్వులోనే మామూలుగా అడిగారు: "మీరు చెయ్యి వెయ్యకపోతే ఏమయ్యేదయ్యా?"

"అక్కడే ఉండిపోయేవారండి. చూశాను. మొదటి రోజు వానలో చక్రం ఇరుక్కుపోయింది. నా పని తియ్యడమే కదా అని తీస్తూ నిలబడ్డాను. అది కూడా నా కెమెరాలో ఉందండి. ఆ ముక్క పనికిరాదని వీళ్ళు తీసేయించారు."

"పనికొస్తుందో రాదో నేను చూస్తాను. వెయ్యండి."

వేశారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె చక్రాన్ని ముందుకు తోస్తారు, వెనక్కి లాగుతారు, చెయ్యి జారుతుంది. పరుగెత్తే వాళ్ళను చెయ్యెత్తి పిలుస్తారు. తరువాత పిలవడం మానేసి, తన ఒంటి మీది శాలువా తీసి మందుల పొట్లం మీద కప్పి, తాను తల వంచుకుని కూర్చుంటారు. అంతే, చాలాసేపు అంతే.

వెనక బెంచీలో భర్త గారు లేచి నిలబడ్డారు. మూడేళ్ళ వాయిదాల్లో ఆయన గొంతు ఆ హాలులో వినిపించడం అదే మొదలు.

"నాకు చెప్పలేదేం? కాస్త తడిశానన్నావంతే!"

"చెబితే మీరు కొట్టు మూసేసి నా వెనకే తిరుగుతారని" అన్నారు హెడ్డమ్మ గారు, వెనక్కి తిరగకుండానే.

కోర్టులో నిశ్శబ్దం పాటించండి అని అనవలసిన న్యాయమూర్తి గారు, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

తరువాతి నెలలో తీర్పు వచ్చింది. రెయిలింగు తీసినవారిదే బాధ్యత అనీ, ఉద్యోగం చేసుకోగలగడం ఆమె శ్రమకు ఫలితమే తప్ప ప్రతివాది చేసిన నష్టానికి భర్తీ కాదనీ, జీవితాంతం సహాయకురాలి ఖర్చు, మెట్లు లేని ఇల్లు, వైద్యం, పడిన బాధ అన్నిటికీ పరిహారం చెల్లించాలనీ ధర్మాసనం నిర్ణయించింది. పైకోర్టుకు వెళదామని బీమా వారు ప్రతిపాదిస్తే మన జనరల్ మేనేజరు గారు, "నేను ఆ వీడియో రెండోసారి చూడలేనండీ" అని ఫోను పెట్టేశారు. ఆ మాట సంస్థ ప్రతిష్ఠను ఇనుమడింపజేసిందని ప్రతివాదిగా నేను సగర్వంగా మనవి చేస్తున్నాను.

తీర్పు విని తిరిగి వస్తుంటే వ్యాను డ్రైవరు అద్దంలోంచి అడిగాడు: "ఇంతకీ మనం గెలిచామా, ఓడామా అండీ?"

"గెలిచాం" అన్నారు ఆమె. "ఓడాం" అన్నాను నేను. డ్రైవరు బండిని టీ కొట్టు దగ్గర ఆపాడు.

వీధిలోంచి తిన్నగా కుర్చీ లోపలికి వెళ్ళే ఇంటికి వారు మారారు. సామాను ఎక్కించడానికి టోపీ ఆయన, ఎవరూ పిలవకుండానే, కెమెరా లేకుండా వచ్చారు. దృఢకాయురాలైన సహాయకురాలు ఒకామె కుదిరారు. ఆమె పనిలో చేరిన మొదటి ఉదయం సంగతి హెడ్డమ్మ గారే నాకు చెప్పారు. భర్త గారు అలవాటు ప్రకారం చీకటితోనే లేచి, చొక్కా చేతులు మడిచి, మంచం దగ్గరకు వచ్చారు. సహాయకురాలు, "మీరు కాస్త జరగండి బాబుగారూ" అని, హెడ్డమ్మ గారిని సునాయాసంగా ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన మడిచిన చేతులతో అలాగే నిలబడ్డారు. గెలిచిన వ్యాజ్యం వల్ల తన ఉద్యోగం పోయినట్టుగా ఉన్నది ఆయన ముఖం.

"మరి పొద్దున్నే నేనేం చెయ్యను?" అని అడిగారట.

"ఇలా వచ్చి పక్కన కూర్చోండి. ఇన్నేళ్ళూ నన్ను ఎత్తడం, దించడంతోనే సరిపోయింది మీకు. తీరిగ్గా నా మొహం చూసి ఎన్నాళ్ళయింది?"

ఆయన కూర్చున్నారట. కొంచెంసేపు చూసి, "జుట్టు నెరిసిందే" అన్నారట. "ఇప్పుడు కనబడిందా!" అన్నారట ఈవిడ.

ఉద్యోగబాధ్యతల వల్ల ఆ ఉదయపు కూర్చోవడం ఇన్నాళ్ళూ తొమ్మిది గంటలకల్లా ముగించవలసి వచ్చేది. వచ్చే నెల మొదటి తేదీ నుంచి ఆ నిర్బంధం లేదు. ఫిర్యాదుల విభాగం పక్షాన, ఆమె ఎదుటి బల్ల పక్షాన, మాన్య హెడ్డమ్మ గారికి మా మనఃపూర్వక అభినందనలు. వారి చర్మానికి పుండు, భుజాలకు నొప్పి, చక్రాలకు గుంత ఎదురుపడకుండుగాక. దర్జీ గారి నడుము నిటారుగా, చూపు స్పష్టంగా ఉండుగాక. ఆ దంపతులిద్దరూ ఆయురారోగ్యాలతో, ఎవరూ ఎవరినీ మోయనవసరం లేకుండా, పొద్దెక్కే దాకా పక్కపక్కన కూర్చునే ఉదయాలు వారికి ఇంకా ఎన్నో, ఎన్నెన్నో లభించుగాక.